లెక్కలోకి రాని గిన్నెలు

బిల్లు రాకముందే మనసులో బిల్లు వేసుకునే అలవాటు నాకుంది. మీకూ ఉండే ఉంటుంది, నా దగ్గర దాచుకోనక్కర్లేదు. హోటల్లో మెనూ చేతికొస్తే మన కళ్ళు వంటకాల పేర్ల దగ్గర ఆగవు, పక్కనున్న అంకెల మీదికి పరిగెడతాయి. చివరికి మనం తినేది ఆకలి అడిగినది కాదు, అంకెలు ఒప్పుకున్నది. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకీ జబ్బు కాస్త ముదిరింది. అమ్మాయీ అల్లుడూ ఉండే బెర్లిన్ వెళ్ళాక పూర్తిగా తలకెక్కింది. అక్కడ ప్రతి అంకెనీ వందతో హెచ్చవేయాలి కదా! కాఫీ నాలుగు యూరోలంటే నాలుగు వందల రూపాయలు. గుటకకి ఎంత పడిందో లెక్కేసుకుంటూ తాగినవాడికి కాఫీ రుచేం తెలుస్తుంది?

నా అనుమానాలకి కారణాలు లేకపోలేదు. దిగిన కొత్తలో ఒక హోటల్లో మంచినీళ్ళడిగితే బుడగలు పొంగే సోడానీళ్ళ సీసా వచ్చింది. దాని వెనకే దాని ఖరీదూ వచ్చింది. జర్మనీ హోటళ్ళలో నీళ్ళు కొనుక్కు తాగాల్సిందేనని అల్లుడు చెప్పాడు. మధ్యలో ఇటలీ వెళ్ళొచ్చాం. అక్కడ చాలాచోట్ల 'కోపెర్తో' అని తలకింత చొప్పున వసూలు చేస్తారు. బల్ల దగ్గర కూర్చున్నందుకూ రొట్టె పెట్టినందుకూ అన్నమాట. మనిషి వచ్చి కూర్చోగానే గ్లాసుతో నీళ్ళు పెట్టే ఊళ్ళో పెరిగిన నేను ఆ దెబ్బతో జాగ్రత్తపడ్డాను. బల్ల మీదికి ఏమొచ్చినా సరే, "ఇది మనం చెప్పిందేనా?" అని అడగడం మొదలుపెట్టాను. లోకం తెలిసినవాడు అలాగే ఉంటాడని గట్టిగా నమ్మాను.

ఆ నమ్మకంతోనే బెర్లిన్‌లోని క్రాయిట్స్‌బెర్గ్ పేటలో ఒక చిన్న కొరియన్ హోటల్లోకి అడుగుపెట్టాను.

ఆ పూట ఖర్చు నాదేనని నేనే ప్రకటించాను. "ఎందుకు మామయ్యగారూ, నేనిస్తానుగా" అని అల్లుడు అన్నకొద్దీ నా పట్టుదల పెరిగింది. అల్లుడి ముందు చెయ్యి పెద్దదిగా కనపడాలి, జేబు మాత్రం చిన్నగానే కదలాలి. ఈ రెండు కోరికలూ ఒకేసారి పుట్టని మామగారు ఎక్కడైనా ఉంటే చూడాలనుంది. అందుకే అమ్మాయి చెవిలో, "మంచి చోటుకే తీసుకెళ్ళమ్మా, మరీ ఖరీదైనది వద్దులే" అన్నాను. అది తీసుకెళ్ళిన చోట గట్టిగా ఆరు బల్లలున్నాయి. కిటికీ అద్దాలు ఆవిరితో మసకబారాయి. లోపల వంట చేస్తున్నది ఒక నడివయసావిడ, బల్లల దగ్గర వడ్డిస్తున్నది డెబ్భై దాటిన వాళ్ళమ్మ. ఏది చెప్పినా పన్నెండు పదమూడు యూరోలు, బెర్లిన్ ధరల్లో చవకే. నాకూ మా ఆవిడకీ రాతిగిన్నెలో కలుపుకు తినే బిబింబాప్ అన్నం, అల్లుడికి కిమ్చి అనే క్యాబేజీ ఊరగాయతో కాచిన పులుసు, అమ్మాయికి మెత్తటి టోఫూ పులుసు చెప్పాం. మొత్తం ఎంతవుతుందో అప్పటికే లెక్కేసి పెట్టుకున్నాను.

చెప్పినవి రాకముందే పెద్దావిడ ట్రేతో వచ్చింది. చిన్న చిన్న గిన్నెలు వరసగా బల్ల మీద పెట్టసాగింది. ఎర్రెర్రగా కిమ్చి. నువ్వులనూనె పట్టించిన పాలకూర. సోయా మొలకలు. సోయా సాస్‌లో మగ్గిన బంగాళాదుంప ముక్కలు. తియ్యగా వేయించిన బుల్లి ఎండుచేపలు. గిన్నె బల్లని తాకినప్పుడల్లా నా బుర్రలో మీటరు గిర్రున తిరిగింది. మూడు యూరోలు, మూడు వందలు. ఇంకో మూడు, ఆరు వందలు. తొమ్మిది వందలు, పన్నెండు వందలు, పదిహేను వందలు! ఆవిడ ఇంకో గిన్నె ఎత్తబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టేశాను. "నో, నో! వీ డిడ్ నాట్ ఆర్డర్ దిస్!" హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. "నాన్నా, అవి..." అంది అమ్మాయి. "నువ్వుండమ్మా, నీకు తెలీదు" అన్నాను. అల్లుడు నోరు తెరిచాడు. "నేను మాట్లాడుతున్నాగా బాబూ" అన్నాను. అన్నవాణ్ణి ఊరుకోవచ్చుగా! ఒక్కో గిన్నే నా చేత్తోనే ఎత్తి తిరిగి ఆవిడ ట్రేలో పెట్టేశాను. ఆవిడ నా మొహం చూసింది, ఖాళీ బల్ల చూసింది, తల కాస్త వంచి వెళ్ళిపోయింది.

పదిహేను వందలు మిగిల్చానన్న తృప్తితో నేను అల్లుడి వైపు తిరిగాను.

"మామయ్యగారూ, వాటికి డబ్బుండదండీ" అన్నాడతను నెమ్మదిగా. "బంచన్ అంటారు. అన్నంతో పాటే వస్తాయి. అయిపోతే మళ్ళీ పెడతారు కూడా."

పక్కబల్ల దగ్గర కుర్రాళ్ళు ఖాళీ గిన్నె చూపించగానే పెద్దావిడ దాన్ని నింపి తెచ్చింది. అది చూశాక నాకు అన్నం మీద ధ్యాస పోయింది. ఆ గిన్నెలు మళ్ళీ తెమ్మందామంటే నోరు రాలేదు. తప్పైపోయిందనడానికి అభిమానం అడ్డొచ్చింది. దాంతో ఇంకో అబద్ధం పుట్టింది. "నాకు పచ్చళ్ళూ ఊరగాయలూ పడవులే" అన్నాను. మా ఆవిడ నా వైపు తిరిగి, "ఏమండీ, మన ఊరినుంచి తెచ్చిన మాగాయ పొద్దున ఎవరు ఖాళీ చేశారు?" అంది. ఆ బల్ల కింద సొరంగముంటే నేను అట్నుంచటు గుంటూరు వెళ్ళిపోయేవాణ్ణి.

అప్పుడొచ్చింది పెద్దావిడ. మొదట బుసలుకొట్టే రాతిగిన్నెలు, వెనకే అదే ట్రే. గిన్నెలన్నీ మళ్ళీ బల్ల మీద సర్దింది. నా ముందున్న అన్నం, కూరలు, గుడ్డు, ఎర్రటి గోచుజాంగ్ కారం ముద్ద చెంచాతో తనే కలిపి, అడుగున కరకరలాడే మాడు పైకి తిప్పి చూపించి, తినమని సైగ చేసింది. నేను తిన్నాను. తలెత్తకుండా తిన్నాను. అన్ని గిన్నెల్లోంచీ తిన్నాను.

ఇంటికొచ్చిన చుట్టం విస్తట్లో ఆవకాయ వడ్డించబోతే, చెయ్యి అడ్డం పెట్టి "దీనికెంత?" అన్నట్టుంది నేను చేసిన పని. మన ఇంట్లో ఎవరైనా అలా అంటే ఏడాదిపాటు చెప్పుకుని బాధపడతాం.

బిల్లు కట్టాక అల్లుణ్ణి జర్మన్‌లో అడగమన్నాను, పెద్దావిడ ఈ దేశం ఎలా వచ్చిందని. డెబ్భైల మొదట్లో నర్సుగా పశ్చిమ బెర్లిన్ ఆసుపత్రికి వచ్చిందట. ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదాంతో ఆవిడ కథకి చుట్టూ ఉన్న కథ అర్థమైంది. దక్షిణ కొరియా అప్పట్లో చాలా పేద దేశం. 1963లో పశ్చిమ జర్మనీతో ఒప్పందం కుదిరి కొరియా యువకులు రూర్ ప్రాంతపు బొగ్గుగనుల్లోకి దిగారు. వెనకే నర్సులు వచ్చారు. 1977 దాకా దాదాపు 8,000 మంది గనికార్మికులు, 10,000 మందికి పైగా నర్సులు. మూడేళ్ళ ఒప్పందాల మీద వచ్చి, జీతంలో చాలా భాగం ఇంటికి పంపినవాళ్ళు. గల్ఫ్‌కి మనిషిని పంపిన కరీంనగర్, నిజామాబాద్ ఇళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. 1970ల చివర్లో ఇక అవసరం లేదని కొందరు నర్సుల్ని తిప్పి పంపబోతే, వాళ్ళు సంతకాలు సేకరించి పోరాడి ఉండిపోయే హక్కు సంపాదించుకున్నారు. ఎన్నేళ్ళు, ఎంత జీతం, ఎంతమంది అని దేశాలు లెక్కేసుకుని తెచ్చుకున్న మనుషుల్లో ఒకావిడ, లెక్కవేయకుండా నాకు వడ్డించింది. నేను ఆవిడ ముందు లెక్క తీశాను. ఇప్పటికీ నన్ను కుట్టేది ఇదే.

కొరియా పాత పద్ధతి భోజనంలో పక్కవంటకాలకి ఒక లెక్క ఉంది. 3, 5, 7, 9, రాజుగారికైతే 12. అన్నం, పులుసు, కిమ్చి మాత్రం ఆ లెక్కలో చేరవు. అవి ఉండి తీరాలి కాబట్టి లెక్కించరు. చలికాలం ముందు ఇళ్ళవాళ్ళూ ఇరుగుపొరుగూ కలిసి కిమ్చి పెట్టుకుని పంచుకునే కిమ్జాంగ్‌ని యునెస్కో 2013లో మానవాళి వారసత్వాల్లో చేర్చింది. గుర్తించింది కిమ్చి రుచిని కాదు, కలిసి చేసి పంచుకోవడాన్ని. ఆ ఆరు బల్లల హోటల్ చవగ్గా నడవడం వెనక ఒక పొదుపు కూడా ఉంది. కూరలు పెద్ద గిన్నెల్లో ఒకేసారి చేసి చల్లగా దాస్తారు. బాగా పులిసిన కిమ్చిని పారేయరు, అదే పులుసు కాస్తారు. ఇంటివాళ్ళే వండి ఇంటివాళ్ళే వడ్డిస్తారు. అలా మిగిలింది మన గిన్నెలోకి వస్తుంది. నేను దాన్ని మోసమనుకున్నాను.

బయట మోసాలు లేవని కాదు. నాలుగు చోట్ల దెబ్బతిన్నవాడు అయిదోచోట జాగ్రత్తపడటం సహజమే. అయితే ఆ జాగ్రత్త పెట్టే చేతికి అడ్డుపడితే, మిగిలిన పదిహేను వందలకంటే పోయిందే ఎక్కువ. మన పిల్లలు ఏ దేశంలో ఉన్నా అక్కడ వాళ్ళ ఆకలి తీర్చేది ఇలాంటి చిన్న హోటళ్ళే. నెలాఖరులో చేతిలో డబ్బాడని విద్యార్థికి రెండోసారి నింపిన గిన్నె ఎంత ధైర్యమో మా అమ్మాయి చెప్పింది. ఆ హోటల్ ఎందుకు ఎంచుకుందో అప్పుడు తెలిసింది.

మీరూ పిల్లల దగ్గరికి వెళ్ళి అలాంటి చోట కూర్చుంటే, పెద్దవాళ్ళు మొదట తినడం ఆరంభించేదాకా కొరియన్లు ఆగుతారని గుర్తుంచుకోండి. మీరే పెద్దవాళ్ళైతే, మీకోసం బల్లంతా ఆగుతుంది. అనుమానం పక్కన పెట్టి ముందు మీరు తినండి. ఇష్టమైనది అయిపోతే మొహమాటపడకుండా మళ్ళీ అడగండి, అడిగింది మిగల్చకండి. లేచేముందు బాగుందని వడ్డించిన మనిషికి చెప్పండి. బిల్లులో లేని వాటికి మనం ఇవ్వగలిగింది అంతే, కనీసం అదైనా బాకీ పెట్టకూడదు.