తల ఎత్తని టీచర్

"చాడీలు చెప్పకు, వెళ్ళి కూర్చో." ఉద్యోగంలో చేరిన నాటినుంచి నేను ఎక్కువసార్లు అన్న మాట ఇదే అయ్యుంటుంది.

నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. "టీచర్, వీడు నా పెన్సిల్ తీశాడు", "టీచర్, నన్ను పొట్టిదానా అంటోంది", "టీచర్, వెనక నుంచి జడ లాగుతున్నాడు". పూటకి ఎన్ని వచ్చేవో! అన్నిటికీ నాది ఒకటే జవాబు. అలా కసరకపోతే పాఠం సాగదనుకున్నాను. ఫిర్యాదు చెయ్యని పిల్లలే బుద్ధిమంతులని నమ్మాను. వాళ్ళకు క్లాసులో చప్పట్లు కూడా కొట్టించాను. అది నా మూర్ఖత్వం. దాని ఫలితం అనుభవించింది మాత్రం పిల్లలు.

అదే నేను వాళ్ళకు భద్రత గురించి పాఠాలు చెప్పేదాన్ని. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో 11 అంశాలున్నాయి. మనసు బాగుండటం, తోటివాళ్ళతో మసలుకోవడం, పోషణ, హింస నుంచి రక్షణ అన్నీ అందులో ఉన్నాయి. కానీ అది పై తరగతుల కోసం పెట్టింది. చిన్నపిల్లలకే ముందు తెలియాలని నా అంతట నేనే వారానికో పీరియడ్ పెట్టుకున్నాను. చార్టు మీద బొమ్మలు గీశాను. లోదుస్తులు కప్పే చోట ఎవరూ చెయ్యి వెయ్యకూడదని చెప్పాను. అలా వేస్తే "వద్దు" అని గట్టిగా అరవాలి, అక్కడినుంచి వచ్చేయాలి, నమ్మిన పెద్దవాళ్ళకు చెప్పాలి. ఈ మూడూ పిల్లలు ముక్తకంఠంతో అప్పజెప్పేవారు. చైల్డ్‌లైన్ నంబరు 1098 అందరికీ కంఠతా వచ్చింది. పరీక్ష పెట్టి మార్కులు కూడా వేశాను. పాఠం ఒంటబట్టిందని సంతోషించాను.

ఒక ఏడాది నాలుగో తరగతిలో ఒక పాప తరచూ కడుపునొప్పి అంటూ పుస్తకాల మీద తల వాల్చేసేది. బడి ఎగ్గొట్టే వేషాలని నలుగురి ముందూ అన్నాను. తర్వాత పాప వారం పాటు రాలేదు. వాళ్ళమ్మ వచ్చింది.

"జొరం తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాం టీచరుగారూ. మూత్రంలో ఇన్ఫెక్షనన్నారు. బళ్ళో ఉన్నంతసేపూ నీళ్ళు తాగదంట, ఒంటేలు ఆపుకుంటదంట. బాత్రూముకెళ్తే మగపిల్లలు తలుపు తోస్తున్నారంట. మీతో చెబితే చాడీలు చెప్పొద్దన్నారంట."

ఆవిడ నన్ను నిలదీయడానికి రాలేదు. ఆ తలుపుకి గడియ పెట్టించమని అడగడానికి వచ్చింది.

పాప నిజంగానే చెప్పింది. "టీచర్, వాళ్ళు తలుపు తోస్తున్నారు" అంది. నేను లెక్కల నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. తల ఎత్తలేదు.

నేను చెప్పిన పాఠాన్ని ఆ పిల్ల తు.చ. తప్పకుండా పాటించింది. వద్దని అరిచింది. అక్కడినుంచి వచ్చేసింది. నమ్మిన పెద్దమనిషి దగ్గరికి వచ్చి చెప్పింది. ఆ మనిషిని నేనే. తొమ్మిదేళ్ళ పిల్ల తన వంతు అంతా చేశాక, నా వంతు దగ్గర పాఠం ఆగిపోయింది. ఇక తనను తాను కాపాడుకోవడానికి దానికి తోచిన దారి ఒక్కటే: నీళ్ళు మానేయడం.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక అధ్యయనం వెలువరించింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో పన్నెండు వేలకు పైగా పిల్లలతో మాట్లాడారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని 53 శాతం మంది చెప్పారు. వాళ్ళలో ఎక్కువమంది అంతవరకూ ఆ సంగతి ఎవరికీ చెప్పనేలేదు. ఈ అంకెలు నేను శిక్షణ తరగతుల్లో రాసుకున్నవే. పిల్లలు ఎందుకు చెప్పరని అప్పుడు ఆశ్చర్యపోయాను. ఇప్పుడు ఆశ్చర్యం లేదు. పెద్ద సంగతి ఏ పిల్లా ముందుగా చెప్పదు. పెన్సిల్ సంగతి చెప్పి చూస్తుంది. జడ లాగిన సంగతి చెప్పి చూస్తుంది. పెన్సిల్ దగ్గరే విసుక్కున్న మనిషితో, సిగ్గుతో గొంతు పెగలని సంగతి ఎలా చెబుతుంది? పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది. నాకు ఆ సెక్షన్ తెలుసు. చెవి ఒగ్గకపోతే నేరం తెలిసేదెలాగన్నది మాత్రం నాకు తట్టలేదు.

ఇంకో తప్పు కూడా చేశాను. నా చార్టులో చెడ్డవాడు ఎప్పుడూ మీసాలున్న ముక్కూమొహం తెలియని మనిషే. పక్కబెంచీలో కూర్చునే మగపిల్లలకు నా పాఠంలో చోటు లేదు. తలుపు తోయడం వాళ్ళకు ఆట. అది తప్పని వాళ్ళకు చెప్పిందెవరు? ఈసారి బెత్తం పట్టుకోకుండా వాళ్ళను కూర్చోబెట్టి అడిగాను: "నువ్వు లోపలున్నప్పుడు ఎవరైనా తలుపు తీస్తే?" ఒకడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఐదో తరగతివాళ్ళు తననీ అలాగే చేశారన్నాడు. వాడూ నాకు చెప్పలేదు. చెప్పినా వినననే అనుకున్నాడు.

ముందు గడియ పెట్టించాం. 2019లో కేరళ బడుల్లో మొదలైన వాటర్ బెల్ గురించి విని, మా బడిలోనూ నీళ్ళ కోసం గంట కొడుతున్నాం. ఆ గంట తర్వాత మరుగుదొడ్డికి వెళ్ళడానికీ సమయం ఇస్తున్నాం. నీళ్ళు తాగమని చెప్పి వెళ్ళే చోటు చూపకపోతే ఆ గంటకు అర్థం లేదు.

ఇప్పుడు ఏ పిల్ల వచ్చినా ముందు వింటాను. చిన్నదా పెద్దదా అన్నది విన్న తర్వాతే. పెన్సిల్ గొడవైతే ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి, "నాకిది నచ్చలేదు, నా పెన్సిల్ నాకిచ్చెయ్" అని కొట్టుకోకుండా చెప్పడం నేర్పిస్తాను. అదీ ఆరోగ్య పాఠమే. కాగితం మీద చెయ్యి ఆనించి గీయించి, కష్టమొస్తే ఎవరికి చెబుతారో ఒక్కో వేలి మీద ఒక్కో పేరు రాయమంటాను. నా పేరు రాయని పిల్లల దగ్గర ఆ వారం ఎక్కువసేపు కూర్చుంటాను. తల్లిదండ్రుల సమావేశంలో, ఇంటికొచ్చిన చుట్టాలకు ముద్దు పెట్టమని పిల్లల్ని బలవంతపెట్టొద్దని, దణ్ణం పెడితే చాలని చెబుతాను. ఒక నాయనమ్మ నొచ్చుకుంది. అయినా చెబుతూనే ఉన్నాను.

అంతకుముందు నా దగ్గర చదివి హైస్కూలుకు వెళ్ళిపోయిన పిల్లలున్నారు. వాళ్ళలో ఎవరు ఏం చెప్పబోయి వెనక్కి వెళ్ళారో నాకిక తెలిసే వీల్లేదు. దానికి క్షమాపణ ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియదు. కొత్తగా చేరుతున్న టీచర్లకు మాత్రం ఒకటి చెప్పగలను. ఆరోగ్యానికి వేరే పీరియడ్ లేకపోయినా ఫరవాలేదు. లెక్కల మధ్యలో ఒక పిల్ల లేచి "టీచర్" అంటే, లెక్క ఆపండి.