కరెరా జీటీ: భద్రత తేల్చేసే సులువు మార్గాలు

పోర్షె కరెరా జీటీ భద్రమైన కారా, ప్రాణాలు తీసే కారా అన్న వాదనలోకి దిగాలనుకునేవారు ముందు ఏదో ఒక పక్షం చేరిపోవాలి. లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. ముందే లెక్కలు చూసినవాడు ఏ పక్షమూ చేరలేక ఊగిసలాడతాడు. అలాంటివాడితో వాదన రక్తి కట్టదు.

కారు సంగతి ఇది: 2003 నుంచి 2006 దాకా జర్మనీలోని లైప్‌జిగ్‌లో తయారైంది, మొత్తం 1,270. పది సిలిండర్ల ఇంజను, 612 హార్స్‌పవర్. కారు పక్కకు జారిపోతుంటే తనంతట తాను బ్రేకు వేసి దారిలో పెట్టే స్టెబిలిటీ కంట్రోల్ ఇందులో లేదు. ఈ మూడు ముక్కలు చాలు. ఇంతకంటే ఎక్కువ తెలుసుకుంటే అభిప్రాయం మెత్తబడుతుంది.

మీరు అభిమానులైతే మరణాలను వేళ్ల మీద లెక్కపెట్టండి. ‘ఇరవై ఏళ్లలో పోయింది ఎంతమంది, చెప్పు!’ అని గద్దించండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అన్న మాట మాత్రం మీ నోట రాకూడదు. వచ్చిందంటే ఎదుటివాడు ఫోనులో కాలిక్యులేటర్ తెరుస్తాడు. అమెరికాలో 2023లో అన్ని వాహనాలూ కలిపి పది కోట్ల మైళ్లకు 1.26 మరణాలు జరిగాయి. మన కొలతలో సుమారు 12.8 కోట్ల కిలోమీటర్లకు ఒకటి. కరెరా జీటీలు గ్యారేజీ గడప దాటేదే తక్కువ కాబట్టి ఒక్కొక్కటీ ఏడాదికి 2,000 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. 1,270 కార్లూ కలిసి తిరిగేది పాతిక లక్షల కిలోమీటర్లు. ఆ లెక్కన మామూలు బండితో సమానమైన కారుకు కూడా ఒక్క మరణం రావడానికి యాభై ఏళ్లు పట్టాలి. ఇరవై ఏళ్లలో సున్నా వచ్చినా గొప్పేమీ కాదు, ఒకటి వచ్చినంత మాత్రాన నేరం రుజువైపోదు. పైగా అందరికీ తెలిసిన రెండు ప్రమాదాల్లోనే నలుగురు పోయారు. అభిమానులు ఈ వాక్యాన్ని చదవకుండా దాటేయవచ్చు.

ద్వేషించే పక్షానికి పని ఇంకా తేలిక. పాల్ వాకర్ అనండి చాలు. 2013 నవంబర్ 30న కాలిఫోర్నియాలోని సాంటా క్లారిటాలో ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ సినిమాల ఆ నటుడు, కారు నడుపుతున్న ఆయన మిత్రుడు ఇదే కారులో చనిపోయారు. వాకర్ పేరు చెప్పి ఆగిపోండి. గంటకు 45 మైళ్లు దాటకూడని రోడ్డు మీద కారు 80 నుంచి 93 మైళ్ల వేగంతో పోయిందనీ, టైర్లు తొమ్మిదేళ్ల నాటివనీ దర్యాప్తు తేల్చిన సంగతి ఎత్తకండి. అభిమానులకు చిట్కా దీనికి సరిగ్గా తలకిందులు: వేగం, టైర్లు మాత్రమే ఎత్తండి, స్టెబిలిటీ కంట్రోల్ లేదన్న ముక్క మింగేయండి. 2012 మోడళ్ల నుంచి అమెరికా ప్రభుత్వం దాన్ని ప్రతి కొత్త కారులోనూ తప్పనిసరి చేసిందని గుర్తుచేసేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. వాడికి ‘నడపడం రానివాళ్లకే అవన్నీ’ అని బదులివ్వండి. చనిపోయినవాళ్లకు నడపడం రాదని మీరు రుజువు చేయనక్కర్లేదు, చనిపోవడమే రుజువు.

ప్రభుత్వ లెక్క అడిగేవాళ్లూ తగులుతారు. వాళ్లకు సంతోషంగా చూపించండి. అమెరికా ప్రభుత్వం వాడే మరణాల జాబితాలోకి జనం తిరిగే రోడ్ల మీది ప్రమాదాలే వస్తాయి. 2005లో ఫోంటానా రేస్ ట్రాక్ మీద, ముందుకొచ్చిన ఫెరారీని తప్పించబోయి ఒక కరెరా జీటీ గోడను గుద్దుకుంది. లోపలున్న ఇద్దరూ పోయారు. దావా నడిచింది, రాజీ సొమ్ములో పోర్షె కూడా కొంత వాటా మోసింది. జాబితా మాత్రం శుభ్రం. ట్రాక్ కోసమన్నట్టు తయారుచేసిన కారుకు ట్రాక్ మీది చావులు లెక్కలోకి రాకపోవడం ఎంత కలిసొచ్చే ఏర్పాటో చూడండి.

క్రాష్ టెస్టు స్టార్ల గురించి బెంగ వద్దు. ఈ కారును కొని గోడకు గుద్ది చూసిన స్వతంత్ర సంస్థ ఏదీ లేదు. ‘ఏ పరీక్షలోనూ తప్పలేదు’ అని ధైర్యంగా చెప్పుకోవచ్చు, పరీక్షే రాయని కుర్రాడి గురించి చెప్పుకున్నట్టు.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే మిస్టర్ బీన్‌ను పిలవండి. ఆ పాత్ర వేసిన రోవన్ అట్కిన్సన్ 2011లో ఇలాంటిదే మరో వేగపు కారు, తన మెక్‌లారెన్ ఎఫ్1తో చెట్టును గుద్ది ప్రాణాలతో బయటపడ్డాడు. మరమ్మతుకు సుమారు 9 లక్షల పౌండ్లు అయ్యాయి, తర్వాత అదే కారు 80 లక్షలకు అమ్ముడైంది. బతికి చెప్పుకునేవాడు ఒక్కడు దొరికితే చాలు, కారు భద్రం. ఆ కార్లు మొత్తం 106 అనీ, పై లెక్కనే వేస్తే సగటు బండి పాటి ఒక్క మరణానికి ఆరువందల ఏళ్లు ఆగాలనీ ఆయనకు చెప్పకండి, నవ్వుతాడు.

రీకాల్ వస్తే కంగారు పడకండి. 2023లో సస్పెన్షన్ జాయింట్ల లోపం వల్ల కరెరా జీటీలను నడపవద్దని పోర్షె అమెరికాలోని యజమానులకు చెప్పింది. ఆ కార్లు వందల్లోనే. టకాటా కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగులనైతే లోపం వల్ల కోట్లలో వెనక్కి పిలిచారు. వందలు, కోట్లు పక్కపక్కన పెడితే మన కారు వంద రెట్లు కాదు, వేల రెట్లు భద్రం. ఉన్న కార్లలో ఎంత భాగం అని అడిగేవాణ్ణి కాఫీకి పంపండి.

చివరికి కొనేదాకా వస్తే మీటరు చూడండి, అదొక్కటే చూడండి. తక్కువ తిరిగిన కారు కొత్త కారే. టైరు పక్క భాగం మీద గుర్తుల చివర నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ ఏడాది. వాటి కోసం వంగకండి. గీతలు లోతుగా, నల్లగా ఉన్నాయి కదా, పైగా కారుతో వచ్చిన ఒరిజినల్ టైర్లని అమ్మేవాడు అదనంగా కూడా అడుగుతాడు. ఇచ్చేయండి.