తైలతిత్తి సూత్రం: టీకా తాత్పర్యాలు

మూలం: నిండు తిత్తి మంచుపై జారును, ఒట్టిది చుట్ట చుట్టుకొనును.

టీక: తిత్తి = పాలీయురేథేన్ పూసిన గట్టి బట్టను అతికి చేసిన దిండులాంటి సంచి; నిండు = 3,000 గ్యాలన్లు, అనగా దాదాపు 11,350 లీటర్ల ఇంధనం పట్టిన; మంచుపై = అంటార్కిటికాలో మెక్‌మర్డో స్థావరం మొదలు దక్షిణ ధ్రువపు ఆముండ్సెన్-స్కాట్ కేంద్రం దాకా, సుమారు 1,600 కిలోమీటర్ల దారిలో; జారును = చక్రాలు లేకనే, ప్లాస్టిక్ షీటుపై పడుకొని, ట్రాక్టరు లాగగా పోవును; ఒట్టిది = ఖాళీది; చుట్ట చుట్టుకొనును = చోటు అడగక ఒదుగును. ఇక్కడ చుట్ట అంటే పొగచుట్ట కాదు. ఇంధనం పక్కన ఆ అర్థం తలచుకోవడం కూడా క్షేమం కాదు.

తాత్పర్యం: ధ్రువంలో జనరేటరు ఆగితే బతుకు ఆగినట్టే. చాలా ఏళ్లు అక్కడికి ఇంధనం స్కీలు బిగించిన విమానాల్లోనే వెళ్లింది. 2005-06లో ట్రాక్టర్ల దారి సిద్ధమైంది. మెక్‌మర్డో దాటగానే మంచు పగుళ్లు దాక్కున్న ప్రాంతం వస్తుంది. రాడార్ బిగించిన బండి ముందు నడిచి పగుళ్లను కనిపెడుతుంది. ఆపైన రాస్ మంచు పలక, లెవరెట్ హిమానీనదం ఎక్కుడు, చివరికి 2,835 మీటర్ల ఎత్తున ధ్రువం. మొదట్లో స్కీల మీద బిగించిన ఉక్కు ట్యాంకులను లాగారు. బండి కాల్చే ఇంధనం కూడా ఆ సరుకులోంచే రావాలి కదా! పాత్ర బరువెక్కిన కొద్దీ ధ్రువానికి దక్కేది తగ్గింది. తిత్తి వచ్చాక ఆ దండగ తగ్గింది.

పూర్వపక్షం: డ్రమ్ములకేం వచ్చింది? లోకమంతా వాడుతోందే!

సమాధానం: ఒక తిత్తెడు ఇంధనానికి 200 లీటర్ల డ్రమ్ములు 50కి పైగా కావాలి. ఒక్కోటి ఖాళీగా ఉన్నా ఇంచుమించు 20 కిలోలు. అంటే టన్ను ఇనుము ఊరికే ఊరేగుతుంది. పైగా, అంటార్కిటిక్ ఒప్పందానికి 1991లో చేర్చిన పర్యావరణ ప్రొటోకాల్ ఖాళీ డ్రమ్ములను వెనక్కి తీసుకుపోవలసిన చెత్త జాబితాలో పెట్టింది. శాస్త్రం కూడా తిత్తి పక్షమే.

విశేషం: కదులుతున్నంతసేపు రాపిడికి షీటు అడుగు వెచ్చబడి జారుడు సులువవుతుంది. బస చేసి మర్నాడు లేచేసరికి అడుగు చల్లబడి మొండికేస్తుంది. తొలి లాగుడుకే ట్రాక్టరు మూలుగుతుంది. వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించడు కనుక ‘మర్నాడు’ అన్నది గడియారం మాటే.

దోషం ఒకటుంది, దాచకూడదు. బట్ట బట్టే. పదునైన అంచు తగిలితే చిరుగుతుంది, ఇంధనం మంచులోకి ఇంకుతుంది. ఉక్కు డ్రమ్ము సొట్టపడి ఊరుకునే చోట తిత్తికి మాటు వేయాలి. కాబట్టి రోడ్డూ, తిరుగు లారీ ఉన్న ఊళ్లో డ్రమ్మునే వాడుకోండి. ఈ సూత్రం ఆ రెండూ లేని చోటికే వర్తిస్తుంది.