ఓపెనింగ్స్ లేని బొమ్మ

ఫిలింనగర్ చుట్టుపక్కల శుక్రవారం పొద్దున ఎవరు ఎదురుపడినా పలకరింపు ఒకటే: "టాక్ ఏంటి?" 2025 నవంబరు 14 కూడా శుక్రవారమే. అలవాటు కొద్దీ మా కృష్ణానగర్ టీ కొట్టు దగ్గర నేనూ అదే అడిగాను. కొట్టాయన సినిమాల గురించి ఎత్తుకున్నాడు. ఇంటర్వెల్ బాగుందట, సెకండాఫ్‌లో లాగ్ ఉందట. అక్కడికి కూతవేటు దూరంలో, యూసఫ్‌గూడ కోట్ల విజయభాస్కరరెడ్డి స్టేడియంలో, సరిగ్గా ఆ పూటే ఆయన నియోజకవర్గం ఓట్లు లెక్కపెడుతున్నారు.

"మనది కూడా ఒక బొమ్మ రిలీజైంది కదా, మంగళవారం" అన్నాను.

"అదా అన్నా... మనం చూడలే. టీవీల వస్తది గదా."

టీవీలో వచ్చింది. పూర్తిగా చూశాడు కూడా. ఏ రౌండ్లో ఎవరికెంత లీడో మధ్యాహ్నం నాకు ఆయనే చెప్పాడు.

జూబ్లీహిల్స్ ఉప ఎన్నికకి పబ్లిసిటీ తక్కువైందని ఎవరూ అనలేరు. ముఖ్యమంత్రి గల్లీల్లో తిరిగారు. మాజీ మంత్రులు రోడ్డు షోలు చేశారు. కేంద్ర మంత్రులు వచ్చారు. 2023లో ఇక్కడే 16,337 ఓట్ల తేడాతో ఓడిపోయిన అజారుద్దీన్‌గారు పోలింగ్‌కి పదకొండు రోజుల ముందు మంత్రిగా ప్రమాణం చేశారు. బరిలో 58 మంది. వాళ్లతోపాటు నోటాకీ చోటివ్వాలి కాబట్టి బూత్‌లో నాలుగేసి యంత్రాలు వరసగా పేర్చారు. ఏ హీరో ముఖమైనా స్పష్టంగా తెలియాలని ఈసారి అభ్యర్థుల ఫోటోలు రంగుల్లో వేశారు. పైన డ్రోన్లు ఎగిరాయి. ఇంత చేస్తే ఆక్యుపెన్సీ 48.49 శాతం. మా భాషలో చెప్పాలంటే బాల్కనీ ఖాళీ, నేల టికెట్ సగం.

ట్రేడ్ లెక్క కూడా చూద్దాం. సీట్లు నాలుగు లక్షల పైచిలుకు. గెలిచిన కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్‌గారికి 98,988 ఓట్లు, 24,729 మెజారిటీ. మూడో స్థానంలో బీజేపీ, డిపాజిట్ లేకుండా. నాలుగో స్థానం 924 ఓట్లతో నోటాది. మిగతా యాభై అయిదు మందికీ దాన్ని దాటడం చేతకాలేదు. ఇంట్లో ఉండిపోయినవాళ్లు మాత్రం రెండు లక్షలు దాటారు. వాళ్లంతా కలిసి పార్టీ పెడితే తిరుగుండదని మా మిత్రుడొకడు ఉత్సాహపడ్డాడు. నాకు నమ్మకం లేదు. పోలింగ్ రోజున సొంత పార్టీకి ఓటెయ్యడానికైనా వాళ్లు లేచి రావాలి కదా.

సాయంత్రం టీవీ చర్చల్లో ధనవంతుల్ని కడిగేశారు. ఖరీదైన బంగళాల్లో ఏసీ వేసుకుని పడుకున్నారని ఒకాయన కన్నీళ్లొక్కటే తక్కువగా బాధపడ్డారు. నాకు పాపం అనిపించింది, ధనవంతుల మీద. ఎందుకంటే ఈ బొమ్మకి టైటిల్ ఒకటి, కథ ఇంకొకటి. జూబ్లీహిల్స్ నియోజకవర్గం అంటే బోరబండ, ఎర్రగడ్డ, రహ్మత్‌నగర్, యూసఫ్‌గూడ, వెంగళరావునగర్. రేకుల ఇళ్లు, ఇరుకు మెట్లు, నాలుగు వాటాలకి ఒక కుళాయి. పెద్ద గేట్ల జూబ్లీహిల్స్, క్లబ్బులున్న ఫిలింనగర్ చాలావరకు ఖైరతాబాద్ ఖాతాలో ఉన్నాయి. 2009 ఎన్నికల ముందు జరిగిన పునర్విభజనలో పేరు ఒకరికి, ఊరు ఇంకొకరికి పంచిపెట్టారు. ఏ ఎన్నికలోనైనా సిరా వేలు చూపిస్తూ జూబ్లీహిల్స్ క్లబ్ మెట్ల మీద చిరంజీవిగారు కనిపించే ఫోటో ఉంటుందే, అది ఖైరతాబాద్ పోలింగ్‌ది. పేరు చూసి లోపలికొచ్చిన కెమెరావాళ్లు ఈసారి బోరబండలో స్టార్ల కోసం వెతుక్కున్నారు.

ఇంతటితో పెద్దింటివాళ్లు నిర్దోషులని నేననడం లేదు. తెలిసిన నిర్మాతగారికి ఫోన్ చేశాను.

"ఓటేశారా సార్?"

"మాది ఖైరతాబాద్ కదయ్యా."

"మరి 2023లో?"

"అప్పుడు అవుట్‌డోర్."

"2024లో?"

"మే నెలలో ఈ ఊళ్లో ఎవరుంటారయ్యా!"

"2020 కార్పొరేషన్‌కి?"

"కరోనా కదా" అన్నారాయన, ఆ యేడు ఆయన ఇంట్లో జరిగిన పెళ్లికి నేను వెళ్లొచ్చిన సంగతి మరిచిపోయి.

అయినా ఆయన్ని తప్పుబట్టడానికి నాకు నోరు రాదు. నీళ్లకి బోరు, అది ఎండితే ట్యాంకరు. కరెంటు పోతే జనరేటరు. దొంగల కోసం ముగ్గురు సెక్యూరిటీ, పిల్లలకి అమెరికా. ప్రభుత్వంతో ఆయనకి పడే పని ఒక్కటే, కొత్త సినిమాకి టికెట్ రేటు పెంచుకునే జీవో. దానికి ఓటు అక్కర్లేదు, అపాయింట్‌మెంట్ కావాలి. 2024 డిసెంబరు 26న పరిశ్రమ పెద్దలు ముఖ్యమంత్రిని కలవడానికి కమాండ్ కంట్రోల్ సెంటర్‌కి కదిలినప్పుడు అవుట్‌డోర్ ఉందని ఎవరూ అనలేదు.

మా పరిశ్రమకి ఓటు విలువ తెలియదంటే నేనొప్పుకోను. 2021 అక్టోబరు 10న ఇదే జూబ్లీహిల్స్‌లో, పబ్లిక్ స్కూల్ ఆవరణలో మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్, అంటే 'మా' ఎన్నికలు జరిగాయి. ఓటర్లు 883 మంది. పడిన ఓట్లు 665. డెబ్బై అయిదు శాతం! ఊళ్లు దాటి విమానాల్లో వచ్చారు. రెండు ప్యానెళ్లకీ మేనిఫెస్టోలు, ప్రెస్‌మీట్లు, కన్నీళ్లు. పోలింగ్ కేంద్రంలో ఒకరి చెయ్యి ఒకరు కొరికారని రాష్ట్రమంతా చూసింది. 274 మీద 381 ఓట్లతో మంచు విష్ణుగారు గెలిచారు. అధ్యక్షుడి చేతిలో ఏముంటుందయ్యా అంటే, సభ్యుల ఆరోగ్య బీమా, పింఛన్లు, ఇంకా కట్టని భవనం. అంటే గెలిచినవాడితో రేపు పని పడుతుందని తెలిసిన చోట మనవాళ్లు పళ్లతో సహా హాజరవుతారు. నేను ఇరవై ఏళ్లుగా ఎన్నికలు చూస్తున్నాను, అసెంబ్లీ బూత్‌లో ఎవరూ ఎవర్నీ కొరకగా చూడలేదు. అంత ఆసక్తి ఎక్కడుంది?

ఇక కొండ కింది మనుషులు. వీళ్ల కథ వేరు.

మా మేడ మీద గదిలో శ్రీకాకుళం కుర్రాడొకడు ఉంటాడు. లైట్‌మన్. కాల్ ఉంటే కూలి, లేకపోతే లేదు. 2025 ఆగస్టులో జీతాలు ముప్పై శాతం పెంచమని యూనియన్లు సమ్మెకి దిగి 18 రోజులు షూటింగులు ఆగిపోయినప్పుడు, వాడు సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో ఒకటే వార్త తిప్పి తిప్పి చూసేవాడు. చివరికి మూడేళ్లలో విడతలుగా 22.5 శాతానికి రాజీ కుదిరింది. పెరిగిన మొదటి విడతంతా ఆ 18 రోజుల అప్పుకి పోయిందని వాడి లెక్క. అక్టోబరు 28న యూసఫ్‌గూడ గ్రౌండ్స్‌లో సినీ కార్మికులు ముఖ్యమంత్రికి సన్మానం చేస్తే వీడూ వెళ్లాడు. టికెట్ రేటు పెంచితే వచ్చే రాబడిలో ఇరవై శాతం కార్మికులకి ఇవ్వాల్సిందేనని ఆయన అన్నప్పుడు చప్పట్లు కొట్టాడు. ఆ మైదానం ఉన్న నియోజకవర్గంలోనే రెండు వారాల్లో పోలింగ్.

"మరి ఓటేశావా?" అన్నాను.

"నా ఓటిక్కడ లేదు సార్. మా ఊళ్లో ఉంది."

2024 మేలో వాడు ఆ ఓటు కోసం వెళ్లిన ప్రయాణం నాకు తెలుసు. జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి వెళ్లాడు. అదే వారాంతంలో విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు ఎంతెంత దూరం ఆగిపోయాయో అందరం చూశాం. ఆ ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లో 81.86 శాతం పోలింగ్. అదే మే 13న హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48.48. ఇక్కడ బద్ధకిస్టు అని మనం తిట్టే మనిషే అక్కడ క్యూలో ముందున్నాడు. వాడికి ఊళ్లో వార్డు మెంబరు పేరు తెలుసు, రేషన్ డీలరు తెలుసు, అమ్మ పింఛను ఎవరు ఆపగలరో తెలుసు. ఇక్కడ కార్పొరేటర్ పేరడిగితే తల గోక్కున్నాడు.

ఇంకో రకం ఉన్నారు. ఓటు ఈ ఊళ్లోనే ఉంటుంది, మనిషి మాత్రం ఇల్లు మారిపోయి ఉంటాడు. కృష్ణానగర్, ఇందిరానగర్ అద్దెల సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పదకొండు నెలలకి ఓనరు అద్దె పెంచుతాడు, జూనియర్ ఆర్టిస్టు సామాను సర్దుకుని పక్క గల్లీకి పోతాడు. సిలిండర్ వెంట వస్తుంది, కుక్కరు వస్తుంది. ఓటు మాత్రం పాత ఇంటి గుమ్మంలో ఉండిపోతుంది. జాబితాలో ఆయన పేరుంటుంది కాబట్టి శాతం లెక్క కట్టేటప్పుడు ఆయనా గైర్హాజరే. ఈ రెండు లక్షల్లో నిజంగా పడుకున్నవాళ్లెందరో, పక్క గల్లీలో ఉన్నవాళ్లెందరో విడదీసి ఏ చర్చలోనూ చెప్పలేదు. తిట్టడానికైతే అందరూ కలిసి ఉండటమే సుఖం.

పైగా సెలవు. నవంబరు 11 మంగళవారం. ముందు రెండో శనివారం, ఆదివారం. మధ్యలో సోమవారం ఒక్కటి సర్దుకుంటే నాలుగు రోజులు. 2020 డిసెంబరు 1 కూడా మంగళవారమే, ముందురోజు కార్తీక పౌర్ణమి. ఆ కార్పొరేషన్ ఎన్నికకి నలభై ఆరున్నర శాతం దాకానే లాగగలిగాం. ఉద్యోగికి అది సెలవు, రోజు కూలీకి అది కూలి పోయిన రోజు. వేతనంతో కూడిన సెలవు అని ఉత్తర్వులో ఉంటుంది. వేతనమే లేనివాడికి అది ఎలా వర్తిస్తుందో అందులో రాయరు.

అదే పల్లెల్లో చూడండి. 2022 మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతం పైన. 2021 హుజూరాబాద్‌లో 86 శాతం దాటింది, పక్కవాళ్లకి కవరు అంది తమకి అందలేదని ఆడవాళ్లు రోడ్డెక్కి మరీ అడిగారు. రేటు అందరికీ సమానంగా ఉండాలన్న ఆ పట్టుదల చూశాక ప్రజాస్వామ్యం మీద నాకు ఆశ చచ్చిపోలేదు.

ఈ ఉప ఎన్నికలో నన్ను కదిలించింది మాత్రం ఓటర్లు కాదు, నామినేషన్లు వేసినవాళ్లు. 211 మంది దరఖాస్తు పెట్టుకున్నారు. అందులో రీజినల్ రింగ్ రోడ్డుకి పొలం పోయే రైతులున్నారు, ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే కుర్రాళ్లున్నారు. వాళ్లకి జూబ్లీహిల్స్‌లో ఓటు లేదు, ఇల్లు లేదు, గెలుస్తామన్న భ్రమ లేదు. రాష్ట్రంలో ఆ నెల ఏలినవారి చెవి ఉన్న చోటు ఇదొక్కటేనని వెతుక్కుంటూ వచ్చి, డిపాజిట్ కట్టి మరీ గోడు చెప్పుకున్నారు. ఓటున్నవాడికి రావడానికి ఓపిక లేదు, ఓటు లేనివాడు ఛార్జీలు పెట్టుకుని వచ్చాడు.

నా సంగతి అడుగుతారని తెలుసు. వేశాను. ముందురోజు రాత్రి ఫోన్‌లో జాబితా తిరగేస్తే నా పేరు దొరికింది, తండ్రి పేరు దగ్గర మా మామగారు ఉన్నారు. మా ఆవిడ పేరు దొరకలేదు. ఇదే ఇంట్లో, ఇదే గుమ్మంలో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్న మనిషి. 2023లో ఉంది. ఈసారి ఎక్కడికెళ్లిందో చెప్పేవాళ్లు లేరు. బూత్ దగ్గర స్లిప్పులు రాసే కుర్రాడు మూడు కాగితాలు తిప్పి, "ఆంటీ, మీరు షిఫ్టయినట్టుంది" అన్నాడు. ఎక్కడికి షిఫ్టయిందో తెలిస్తే నాకూ చెప్పమన్నాను. ఆమె బయట ఎండలో నిలబడి, నా సిరా వేలు వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు గురించి కాలమ్‌లో రాయలేను.

2020లో ఎన్నికైన గ్రేటర్ పాలకమండలి గడువు 2026 ఫిబ్రవరి 10 వరకే. పోలింగ్ ఎప్పుడు పెట్టినా ఏదో ఒక పండగ పక్కనే పడుతుంది. మీ పేరు జాబితాలో ఉందో లేదో ఇవాళే చూసుకోండి, ఇల్లు మారి ఉంటే ఫారం 8 నింపండి. మా ఆవిడ కొత్త ఓటరుగా ఫారం 6 నింపుతోంది. వయసు దగ్గర నలభై ఏడు అని రాసింది.