పొడిగాలికి టికెట్టు

విశాఖలో తడిగాలి కొనక్కర్లేదు. జూన్‌లో బీచ్‌రోడ్డు ఇళ్లలో ఉప్పు డబ్బా మూత తీస్తే చెంచాకి ముద్దగా అంటుకుని వస్తుంది. వానలు పడ్డాక వీధి తలుపు ఉబ్బిపోయి, భుజం పెట్టి తోస్తేగానీ గడియ పడదు. ఉక్కు తయారుచేసే ఊరే అయినా కిటికీ ఊచల తుప్పు గీకడం ఏటేటా తప్పదు. ఇలాంటి ఊరివాళ్లకి ఇప్పుడో కొత్త బెంగ పట్టుకుంది. క్రూయిజ్ ఓడ గదిలో గాలి మరీ పొడిగా ఉంటుందట! పెదాలు పగులుతాయట, గొంతు పిడచకట్టుకుపోతుందట. అందుకని గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫయర్ ఒకటి, వేడినీళ్లకి కెటిల్ ఒకటి సూట్‌కేసులో సర్దుకోవాలట. మూడు రాత్రుల విహారానికి ఇన్ని ఏర్పాట్లు. అత్తారింటికి వెళ్లే కొత్తపెళ్లికూతురికి కూడా ఇన్ని సర్ది పంపం.

ఈ సరదా మన తీరానికి కొత్తది. 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ చెన్నై నుంచి విశాఖ వచ్చింది. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో ఫ్రాన్స్‌లో తయారైన ఓడ అది. ఎన్నో సముద్రాలు తిరిగి, పేర్లు మార్చుకుని మన దగ్గరికి చేరింది. పదకొండు అంతస్తులట, ఈతకొలనట, క్యాసినో కూడానట అంటూ ఊరంతా చెప్పుకుంది. ఆ క్యాసినో ఉందనే అభ్యంతరంతోనే పుదుచ్చేరి వాళ్లు ఆ తొలి యాత్రలో ఓడని రేవులోకి రానివ్వలేదు. మనకి అలాంటి పట్టింపులేమీ లేవు. 2023 సెప్టెంబరులో దాదాపు 96 కోట్లతో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించేసుకున్నాం. దానికి వచ్చిపోయే విహార నౌకల్ని లెక్కపెట్టడానికి మాత్రం చేతివేళ్లు చాలు.

పొడిగాలి సంగతే ముందు తేలుద్దాం. బయట 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలిని ఓడ ఏసీ యంత్రం 12 డిగ్రీల దాకా చల్లబరుస్తుందనుకోండి. అంత చల్లబడితే గాలి ఆ నీటిని మోయలేదు, గొట్టాల మీద వదిలేస్తుంది. ఆ గాలే గదిలోకొచ్చి 23, 24 డిగ్రీలకి చేరేసరికి తేమ 50 శాతం దగ్గర తేలుతుంది. మనిషి ఒంటికి హాయిగా ఉండేది 40కీ 60కీ మధ్యే. విమానంలో అది 20 శాతానికి లోపే ఉంటుంది. విశాఖ నుంచి ఢిల్లీ విమానమెక్కి ‘నా పెదాలు పగిలాయి’ అని గోల చేసినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. ఓడలో గొంతు ఆరడానికి కారణం వేరే. రాత్రి బార్‌లో మూడు గ్లాసులు పట్టించి, గదికొచ్చి ఏసీని అడుగుకి దించి, ముసుగుతన్ని పడుకుంటే ఎవరి గొంతైనా ఆరుతుంది. దానికి హ్యుమిడిఫయర్ దేనికి? మంచం పక్కన చెంబెడు నీళ్లు చాలు.

అసలు తమాషా గది బేరంలో ఉంది. చవక టికెట్టుకి దొరికేది లోపలి గది. దానికి కిటికీ ఉండదు. కిటికీ ఉండాల్సిన చోట అద్దమో, సముద్రం బొమ్మో తగిలిస్తారు. చుట్టూ బంగాళాఖాతం, ఎదురుగా గోడమీద ఇంకెక్కడిదో నీలిసముద్రం! కాస్త ఎక్కువ పెడితే కిటికీ గది ఇస్తారు. ఆ అద్దాన్ని తెరవడం కుదరదు. ఇంకా పెడితే బాల్కనీ వస్తుంది. అప్పుడైనా తలుపు తీసుకుని పడుకుందామంటే, తీసి ఉంచొద్దంటారు. తడిగాలి లోపలికొస్తే గోడలకి నీళ్లు పడతాయి, ఏసీ మొరాయిస్తుంది. చాలా ఓడల్లో ఆ తలుపు తీయగానే ఏసీ దానంతటదే ఆగిపోతుంది. అంటే సముద్రపు గాలి కోసం డబ్బు కట్టి, ఆ గాలి రాకుండా తలుపు మనమే మూసుకోవాలి. దీని పేరు విలాసం.

ఇక వేడినీళ్లు. మనవాళ్లకి తెల్లారి ఐదింటికి మెలకువ వస్తుంది, ఐదూ ఐదుకల్లా టీ పడాలి. ఓడలో దానికోసం లుంగీ మార్చుకుని, గది కార్డు జేబులో వేసుకుని, లిఫ్టెక్కి బఫే అంతస్తుకి పోవాలి. అక్కడ దారం కట్టిన టీ సంచీ ఒకటి చేతికొస్తుంది. దాన్ని సగం చల్లారిన నీళ్లలో ముంచి లేపి, మళ్లీ ముంచి లేపి, పాలపొడి కలిపితే గోధుమరంగు ద్రవం ఒకటి తయారవుతుంది. మంచి కాఫీ కావాలంటే పక్కనే కౌంటరు ఉంటుంది, దానికి బిల్లు వేరు. నూట పది కిలోమీటర్ల దూరంలో అరకు కొండల మీద పండే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అప్పటికి ఆ కొండలు మన జిల్లాలోవే. అదే రైల్లో అయితే స్లీపరు బెర్తు దగ్గరికి పది నిమిషాలకో టీ క్యాను నడిచొస్తుంది. పడుకున్నవాణ్ణి కూడా లేపి మరీ అడుగుతారు.

అలాగని కెటిల్ మూటగట్టుకుని పోవడం తెలివైన పని కాదు. ఎక్కేటప్పుడే బ్యాగు తనిఖీలో దొరుకుతుంది, దిగేదాకా వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇస్త్రీ పెట్టె గతీ అంతే. ఇందులో తప్పుపట్టడానికి లేదు. 2023 నవంబరు 19 రాత్రి మన ఫిషింగ్ హార్బర్‌లో రేగిన మంటకి పదుల కొద్దీ బోట్లు బూడిదయ్యాయి. ఒడ్డుకి ఆనుకుని ఉండగానే అంత పని జరిగింది. నడిసంద్రంలో ఎనిమిది వందల గదుల ఓడ అంటుకుంటే పరుగెత్తడానికి దారేది? కాబట్టి నిషేధం సబబే. కానీ నిషేధం కెటిల్ మీదా, వేడినీళ్ల మీదా? బ్రిటిష్‌వాళ్లు ఎక్కే పి అండ్ ఓ ఓడల్లో ప్రతి గదిలో కంపెనీ వాళ్లదే కెటిల్, టీ సామగ్రి ఉంటాయి. వాళ్ల సముద్రంలో నిప్పు కాలదా? తెల్లవాడి టీకి దొరికిన దారి మన టీకి దొరకదంటే ఎలా నమ్మాలి?

అందరికంటే ముందు ఓడెక్కినవాళ్లని మరిచిపోయాం. ఈ రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పటి శ్రీ విజయపురానికి) ఏళ్లుగా ప్రయాణికుల ఓడలు నడుస్తున్నాయి. ఒడ్డు కనబడడానికి రెండు రోజుల పైమాటే. ఈ దారిలో తిరిగిన స్వరాజ్ ద్వీప్ మన హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో పుట్టినదే. బంకు టికెట్టు కొనుక్కుని, పులిహోర పొట్లాలతో, ఫ్లాస్కుతో ఎక్కిన కూలీలు, మేస్త్రీలు గాలిలో తేమ శాతం అడగలేదు. వాళ్ల ప్రయాణం మీద ఎవరూ రంగుల బ్రోచర్ వేయలేదు.

ఓడ గాలి గురించి ఇంత మథనపడేవాళ్లు టెర్మినల్ నుంచి ఆటో ఎక్కి ఒకసారి జ్ఞానాపురం వెళ్లి రావాలి. రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దించే గుట్టల దుమ్ము దశాబ్దాలుగా ఆ వీధుల్లోకి వస్తోంది. పొద్దున తుడిచిన అరుగు మీద సాయంత్రానికి వేలు పెడితే నల్లగా వస్తుంది. అక్కడి గాలి కచ్చితంగా పొడిగాలే. నీళ్లు చల్లుతున్నాం, టార్పాలిన్లు కప్పుతున్నాం అని పోర్టువారు చెబుతూనే ఉన్నారు, అక్కడివాళ్లు దగ్గుతూనే ఉన్నారు.

విహారానికి వెళ్లేవారు నిక్షేపంలా వెళ్లండి. కెటిల్ ఇంట్లో వదిలి ఫ్లాస్కు పట్టుకెళ్లండి. ఓడ నడిపే పెద్దలు ప్రతి నడవా చివర ఒక వేడినీళ్ల కుళాయి పెట్టించండి, దానికి 96 కోట్లు కావు. పోర్టు పెద్దలకి ఒకటే మనవి: మళ్లీ విహార నౌక వచ్చేలోగా జ్ఞానాపురంలో ఆడవాళ్లు తెల్లచీర ఉతికి దండెం మీద ఆరేసుకునే ఏర్పాటు చూడండి.