కండువా లేయరు

ఫొటోలు దిద్దడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడుగుతున్నారా? అయితే మీరింకా బషీర్‌బాగ్ గల్లీల్లోని డీటీపీ సెంటర్ మెట్లెక్కలేదన్నమాట.

పొద్దున ప్రెస్‌క్లబ్‌లో నాయకుడి ప్రెస్‌మీట్. వెనకాల ఫ్లెక్సీ పడాలి. ఫొటో రాత్రి పదింటికి వాట్సాప్‌లో దిగుతుంది, పది గ్రూపులు తిరిగి నలిగిపోయి మరీ. ‘‘తమ్మీ, సార్‌ను జర కుర్రాడిలెక్క చెయ్యి!’’ జుట్టు నల్లబడాలి. గదవ కింద మడతలు పోవాలి. సార్ చేసిన పని కూడా కనబడాలంటే? దానికి ఏ కంపెనీ దగ్గరా టూల్ లేదు.

2013లోనే అడోబీ కొత్త ఫొటోషాప్‌ను అద్దె బేరంలో పెట్టేసింది. దాని పోటీ గింప్ ఉచితం. అయినా మనవాళ్లు 2002 నాటి ఫొటోషాప్ 7ను వదలరు. అను తెలుగు ఫాంట్లు అందులో చెప్పినమాట వింటాయి మరి. కొత్తదాంట్లో చాలా ఏళ్లు ఒక్క సెట్టింగ్ తప్పితే యూనికోడ్ తెలుగు వత్తులు ఊడి పక్కకొచ్చి కూర్చునేవి. ఏడాదికోసారి భాషా దినోత్సవం జరిపే సర్కార్లకు వత్తుల గోల ఎందుకు?

సరే, అసలు కిటుకు వేరే ఉంది. అన్నీ కలిపేసి జేపెగ్ చేసి పారేయడం ఒక పద్ధతి. లేయర్లు విడివిడిగా దాచుకోవడం ఇంకో పద్ధతి. తల ఒక లేయరు, దండం పెట్టే చేతులు ఒకటి, కండువా ఒకటి. ముదురు ఆపరేటర్ రెండోదే పట్టుకుంటాడు. ఎందుకో తెలుసా? 2019 జూన్‌లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్‌ఎస్‌లో కలిసిపోయారు. పేరు మారి బీఆర్‌ఎస్ అయిన ఆ పార్టీ నుంచి 2024లో 10 మంది ఎమ్మెల్యేలు ఇటు కాంగ్రెస్‌లోకి దూకారని ఫిర్యాదులు. తల అదే. నవ్వూ అదే. కండువా లేయరు రంగు మారిస్తే కొత్త ఫ్లెక్సీ రెడీ. రెండు నిమిషాల పని!

అదే రంగు తేల్చమంటే అసెంబ్లీకి మాత్రం తీరిక దొరకలేదు. మూడు నెలల్లో తేల్చండని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ‘అబ్బే, మేం పార్టీ మారనే లేదు’ అన్న పెద్దమనుషులూ ఉన్నారు. మరి మెడలో ఉన్నదేంటి, తువ్వాలా?

ఇక మీరు పాస్‌పోర్టు ఫొటో దిగండి. బుగ్గ మీద మచ్చ చెరిపారా, చెల్లదు. సాఫ్ట్‌వేర్‌తో ముఖం మార్చకూడదని రూలు. మంచి రూలే. మరి 2015 డిసెంబర్‌లో? చెన్నై వరదలను ప్రధాని గాల్లోంచి చూస్తున్న ఫొటోకు కిటికీ అవతల వేరే దృశ్యం అతికించి లోకం మీదికి వదిలింది ఎవరు? సాక్షాత్తూ కేంద్ర సర్కారు వారి సమాచార విభాగం పీఐబీ. జనం పట్టుకున్నాక తీసేసి, రెండు బొమ్మలు కలిపామని విచారం వ్యక్తం చేశారు. మీరు చెరిపితే మోసం. వాళ్లు అతికిస్తే పొరపాటు!

ఆపరేటర్ తమ్మీ, నీకో దండం. నువ్వు ఏ సాఫ్ట్‌వేర్ వాడినా సరే, పాత ఫైళ్లు మాత్రం చెరపకు. ఎవరి మెడలో ఏ ఏడాది ఏ రంగుందో తేదీలతో సహా దాచిపెట్టు. వచ్చే ఎన్నికలకు మాకు పనికొస్తాయి.