ఒక రికవరీ మెమోకు టీకా తాత్పర్యం

అవతారిక: ఓరుగల్లుకు వ్యాఖ్యానాలు కొత్త కాదు. ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు అలంకారశాస్త్రం రాశాడు. దానికి 'రత్నాపణం' అనే వ్యాఖ్య రాసిన కుమారస్వామి, మెదక్ పక్కనున్న కొలిచాల (నేటి కొల్చారం) మల్లినాథసూరి కొడుకు. విద్యానాథుడి గ్రంథంలో ఉదాహరణ శ్లోకాలన్నీ పోషించే రాజును పొగిడేవే. అయితే కోశాధికారి లెక్క తప్పి ఒక నెల నాలుగు మాడలు ఎక్కువిస్తే కవి ఏం చేయాలో విద్యానాథుడూ చెప్పలేదు, కుమారస్వామీ చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికి సర్కారీ గద్యంలోంచి ఒక వాక్యం ఎత్తుకుంటున్నాం. హనుమకొండలో ఒక ఆఫీసు అటెండరుకు, రిటైర్మెంటు దగ్గరపడ్డాక, ఇటువంటిది వచ్చిందనుకోండి.

మూలం: "తమకు పొరపాటున అధికముగా చెల్లించబడిన మొత్తమును ఏకమొత్తముగా చలాను ద్వారా జమచేయవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది."

ప్రతిపదార్థం: తమకు = అటెండరుకు (గౌరవార్థకం; డీఏ బకాయి అడగబోయిన రోజున ఇదే మనిషి 'నువ్వు'); పొరపాటున = పీఆర్సీ ఫిక్సేషన్‌లో ఒక ఇంక్రిమెంటు రెండుసార్లు పడుట చేతనో, 6, 12, 18, 24 ఏళ్ల స్కేళ్లలో ఒకటి తొందరపడి వచ్చుట చేతనో; అధికముగా = ఆడిట్ వాళ్లు చూసేదాకా ఎవరికీ ఎక్కువనిపించనంతగా; మొత్తమును = ఏళ్లుగా కిరాణా కొట్టుకూ పిల్లల ఫీజులకూ పోయినదానిని; ఏకమొత్తముగా = నెలనెలా కొంచెం కొంచెంగా వచ్చినదాన్నే ఒక్క దెబ్బకు; చలాను ద్వారా = ఏ పద్దు కింద కట్టాలో ట్రెజరీలో తానే కనుక్కొని; ఇందుమూలముగా = లెక్క కాగితం జతచేయకుండానే.

'చెల్లించబడిన', 'తెలియజేయడమైనది' అన్నవి మిగిలాయి. వాటికి అర్థం చెప్పడం కష్టం, ఎందుకంటే వాటికి కర్త లేడు. చెల్లించిందెవరు? తెలియజేసిందెవరు? తప్పు చేసినవాడూ ఉత్తరం రాసినవాడూ ఇద్దరూ వాక్యం లోపలికి రాకుండా జాగ్రత్తపడ్డారు. మొత్తం మెమోలో కనిపించే ఒకే ఒక్క మనిషి షష్ఠీ విభక్తిలో నిలబడి ఉన్నాడు.

అలంకారం: కారణం కనబడకుండా కార్యం జరిగింది కాబట్టి విభావన. రసం విషయంలో ఏకాభిప్రాయం లేదు. అందుకున్నవాడికి భయానకం, పంపిన సెక్షన్‌కు శాంతం.

ఈ మెమో చదివి అటెండరు అనే మాట ఒకటుంటుంది: "నేనేమన్న అడిగిన్నా సార్? మీరే ఏసిండ్రు గదా." నా దృష్టిలో ఇంతకు మించిన వ్యాఖ్య లేదు. ఇందులో కర్త ఉన్నాడు.

పూర్వపక్షం: ఎవరు వేస్తేనేం, డబ్బు నాది కానప్పుడు తిరిగి ఇవ్వాల్సిందే కదా? అవును. పొరపాటున అందిన సొమ్ము తిరిగి ఇచ్చేయాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షనే చెబుతుంది. 2012లో చండీప్రసాద్ ఉనియాల్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తరాఖండ్ టీచర్లతో గట్టిగానే మాట్లాడింది: ఇది పన్ను కట్టేవాళ్ల డబ్బు, ఇచ్చినవాడి సొత్తూ కాదు, తీసుకున్నవాడి సొత్తూ కాదు. తెలిసి దాచుకున్నవాడి పక్షాన వాదించే ఉద్దేశం ఈ వ్యాఖ్యాతకూ లేదు. 2022లో చిలీ దేశంలో ఒక ఉద్యోగికి 5 లక్షల పెసోల జీతం బదులు 16 కోట్ల 50 లక్షలకు పైగా పడితే, బ్యాంకుకు వెళ్లి తిరిగి ఇస్తానని చెప్పి, రాజీనామా పంపి కనిపించకుండా పోయాడు. అటువంటివాణ్ని అమాయకుడనడానికి ఏ టీకా చాలదు.

సిద్ధాంతం: అటెండరు ఆ కోవలోనివాడు కాడు. లోపించిన కర్తను వెతికి, ఉద్యోగి మోసం లేదా తప్పుడు సమాచారం ఇందులో ఉందా అని అడిగిన తీర్పులు చాలా ఉన్నాయి. వాటిలో తలమానికం 2014 డిసెంబరు 18 నాటి పంజాబ్ ప్రభుత్వం–రఫీక్ మసీహ్ తీర్పు. కేసు పేరులోనే 'వైట్ వాషర్' అని ఉంది. సున్నం వేసే మనిషి పేరు మీద దేశంలోని గుమాస్తాలందరికీ నీడ దొరికింది. క్లాస్-3, క్లాస్-4 ఉద్యోగుల దగ్గర, రిటైరైనవారి దగ్గర, ఏడాదిలోపు రిటైరయ్యేవారి దగ్గర వసూలు చేయొద్దంది. ఉత్తర్వుకు ముందు ఐదేళ్లకు మించి సాగిన చెల్లింపును తవ్వొద్దంది. పై పోస్టు పని చేయించుకొని ఇచ్చిన జీతాన్ని వెనక్కి లాగొద్దంది. ఇవి కాక, వసూలు చేయడమే అన్యాయమనిపించేంత కఠినంగా ఉన్నచోటా ఆగమంది. అయితే ఇకముందు జీతాన్ని సరిదిద్దే హక్కు ఆఫీసుకు ఉంది. పాతది మాఫీ అయిందని తప్పు స్కేలు కొనసాగదు.

నోటీసు ఇవ్వకుండా, మాట వినకుండా జీతం తగ్గించకూడదని 1994లోనే భగవాన్ శుక్లా అనే రైల్వే ఉద్యోగి కేసులో తేలింది. మన మెమోలోని 'ఇందుమూలముగా' ఆ పరీక్షకు నిలవదు.

సిద్ధాంతానికి అపవాదం: ఎక్కువ వస్తే తిరిగి కడతానని ముందే హామీపత్రం రాసి ఇచ్చి ఉంటే? 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సంతకానికి కట్టుబడాల్సిందేనంది. రెండేళ్లలో వాయిదాలుగా కట్టుకొమ్మని మాత్రం కనికరించింది. అక్కడ ఉద్యోగి ఒక న్యాయాధికారి, చదివే సంతకం పెట్టి ఉంటాడు. మన దగ్గర పీఆర్సీ వచ్చినప్పుడల్లా ఫారాల కట్ట ముందుకొస్తుంది, వేలు చూపించిన చోటల్లా సంతకం పడుతుంది. అసలు గొడవంతా ఆ కట్టలోనే ఉంది.

ప్రైవేటు పాఠాంతరం: మడికొండ ఐటీ పార్కులో పనిచేసేవారికీ హనుమకొండ చౌరస్తా దుకాణాల్లో పనిచేసేవారికీ రఫీక్ మసీహ్ నీడ నేరుగా అందదు. వాళ్లకు ఆధారం వేతన చట్టం. 1936 చట్టం ఎక్కువిచ్చినదాన్ని జీతంలో కోసుకోనిచ్చింది కానీ, కోతలన్నీ కలిపి సగం దాటొద్దంది. సహకార సంఘం బాకీ కూడా ఉంటే ముప్పావు దాకా పోవచ్చంది. 2019 వేతన కోడ్ కూడా సగం దగ్గరే గీత గీసింది. ఇక్కడొక చిక్కుంది. చేతికొచ్చింది టీడీఎస్, పీఎఫ్ పోగా మిగిలింది, యాజమాన్యం అడిగేదేమో అవన్నీ కలిపిన మొత్తం. మార్చి 31 లోపు తేల్చుకుంటే అదే ఏడాది లెక్కలో సర్దుబాటవుతుంది, దాటితే ఫారం-16 దగ్గర తలనొప్పి.

తాత్పర్యం: ఈ నెల ఖాతాలో ఎక్కువ పడిందా? ముందు పే-స్లిప్ చూడండి, అది మీకు రావాల్సిన బకాయే కావచ్చు. కాకపోతే ముట్టుకోకుండా పక్కన పెట్టి, ఆ రోజే రాతపూర్వకంగా తెలపండి. ఏళ్ల నాటి లెక్క తీసి మెమో ఇచ్చారా? భయపడి చలాను కట్టకండి. ఏ నెలలో ఎంత, ఏ ఉత్తర్వు ప్రకారం, ఎవరి పొరపాటు అని లెక్క కాగితం అడగండి. వాయిదాలు కోరినా, అభ్యంతరం చెప్పినా కాగితం మీదే చెప్పండి. నకలు మీద ఇన్‌వార్డు ముద్ర, తేదీ వేయించుకోకుండా ఆఫీసు మెట్లు దిగకండి.